నైరోబీ అనాథ గున్నల ఆశ్రయం: పిల్లలతో వెళ్లవచ్చా, తాకనిస్తారా?

వెన్నెలబాట:

అందరికీ నమస్కారం. వచ్చే సెలవుల్లో మేం నలుగురం కెన్యా వెళ్తున్నాం. అడవిలోకి బయలుదేరే ముందు నైరోబీలో రెండు రోజులు ఉంటాం కాబట్టి, షెల్డ్రిక్ వైల్డ్‌లైఫ్ ట్రస్టు వారు నైరోబీ జాతీయ పార్కులో నడుపుతున్న అనాథ గున్న ఏనుగుల నర్సరీని చూడాలనుకుంటున్నాం. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. బంధువుల పిల్ల వేరే దేశంలో ఎక్కడో ఒక గున్న మెడ చుట్టూ చేతులు వేసి దిగిన ఫోటో చూసిన నాటి నుంచి, తానూ పాలసీసా పట్టిస్తానని ఒకటే పట్టు పడుతోంది.

ఈ నర్సరీలో సందర్శకులను గున్నల దగ్గరికి రానిస్తారా, పాలు పట్టనిస్తారా? చూడటానికి రోజుకు ఒక గంట మాత్రమే ఇస్తారని విన్నాను. ఆ గంట కోసం అంత దూరం వెళ్లడం సబబేనా, లేక అదంతా పర్యాటకుల కోసం నడిపే ప్రదర్శనేనా? ఇప్పటికే వెళ్లి వచ్చినవారు వివరంగా చెబితే మేలు చేసినవారవుతారు.

నిదానం:

వెన్నెలబాట గారూ, నేను అక్కడికి రెండుసార్లు వెళ్లాను. మీ మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతాను. పాలసీసా సందర్శకుల చేతికి ఇవ్వరు. ఒక తాడు కట్టి ఉంటుంది. దానికి ఇవతల మనం, అవతల గున్నలు, ఆకుపచ్చ కోట్లు వేసుకున్న సంరక్షకులు. ఏదైనా గున్న తనంతట తాను తాడు దగ్గరకు వస్తే ఆ రోజు సిబ్బంది ఏమి చెబితే అదే పాటించాలి. తాకడం మాత్రం మన హక్కు కాదని అమ్మాయికి ముందే చెప్పి తీసుకువెళ్లండి.

ఉదయం 11 నుంచి 12 వరకు సందర్శన. ముందుగా పేరు నమోదు చేసుకోకుండా గేటు దగ్గరకు వెళితే వెనక్కి రావలసిందే. సెలవుల కాలంలో చోటు త్వరగా నిండిపోతుంది కాబట్టి విమానం టిక్కెట్టు తీసుకున్న రోజే ఇది కూడా చేసుకోవడం మంచిది. క్రిస్మస్ రోజున తెరవరు. మగాడి (Magadi) అనే రోడ్డు వైపు గేటు గుండా లోపలికి వెళ్లాలి. జాతీయ పార్కు ప్రధాన ద్వారం దగ్గర దిగి వెతుక్కున్నవాళ్లను నేను చూశాను. అరగంట ముందే చేరితే తాడు దగ్గర పిల్లలకు ముందు వరుస దొరుకుతుంది.

ఆ గంటలో జరిగేది ఇది. ముందుగా బాగా చిన్న గున్నలు ఒక జట్టుగా అడవి దారిలోంచి పరుగెత్తుకుంటూ వస్తాయి. వాటి చూపంతా సీసాల మీదే, మన మీద కాదు. తాగడం అయ్యాక కొమ్మలు నములుతూ, ఎర్రమట్టి చల్లుకుంటూ, బురదగుంటలో దొర్లుతూ ఉంటాయి. కొంతసేపటికి వీటిని తీసుకువెళ్లి, కాస్త పెద్దవాటి జట్టును తీసుకువస్తారు. ఈలోగా ఒక సంరక్షకుడు మైకులో ఒక్కో గున్న పేరు, అది దొరికిన చోటు, తల్లికి ఏమైందో చెబుతూ తాడు పొడవునా నడుస్తాడు. అందరూ కెమెరాల్లో మునిగిపోయి ఆ మాటలు వదిలేస్తారు. నిజానికి అక్కడ వినవలసింది అదే.

ప్రదర్శనేనా అని అడిగారు. మిగతా పగలంతా ఆ గున్నలు జాతీయ పార్కు అడవిలోనే ఉంటాయి. మనం చూసేది వాటి భోజనవేళల్లో ఒకదాన్ని మాత్రమే. మనం వచ్చినా రాకపోయినా ఆ వేళకు అవి పాలు తాగవలసిందే.

పాతమందు:

నేను పశువైద్యుడిగా చాలాకాలం పనిచేసి విరమించాను. ఏనుగులు నా ప్రత్యేక విభాగం కాకపోయినా, పాల సంగతి వచ్చింది కాబట్టి కొంత చెప్పాలనిపించింది. ఆ సీసాలో ఉన్నది ఏమిటో తెలిస్తే, దాన్ని సందర్శకుల చేతికి ఎందుకు ఇవ్వరో కూడా తెలుస్తుంది.

తల్లి చనిపోయిన గున్నకు పోతపాలు పట్టి బతికించడం ఒకప్పుడు దాదాపు అసాధ్యంగా ఉండేది. ఆవుపాలలోని కొవ్వు గున్నకు అరగదు. విరేచనాలు పట్టుకుని, ఒంట్లో నీరు ఇంకిపోయి, కొద్ది రోజుల్లోనే ప్రాణం పోయేది. ఈ ట్రస్టును 1977లో స్థాపించిన డాఫ్నీ షెల్డ్రిక్, సరిపడే పాల మిశ్రమాన్ని కనుక్కోవడానికి దాదాపు 28 ఏళ్లు ప్రయత్నించారు. చివరికి తల్లి ఏనుగు పాలలోని కొవ్వుకు దగ్గరగా వచ్చింది కొబ్బరినూనె. చంటిపిల్లల పాలపొడిలో కొబ్బరినూనె కలిపిన మిశ్రమంతో బతికే గున్నల సంఖ్య పెరగడం మొదలైంది. డాఫ్నీ భర్త డేవిడ్ షెల్డ్రిక్ త్సావో తూర్పు జాతీయ పార్కుకు తొలి వార్డెన్. ఆయన పేరు మీదనే ఆమె ఈ సంస్థను పెట్టారు. 2018లో ఆమె కన్నుమూశాక కూతురు ఆంజెలా నడుపుతున్నారు.

మిశ్రమం దొరికినంత మాత్రాన పని అయిపోలేదు. చిన్న గున్నకు మూడు గంటలకొకసారి, రాత్రీ పగలూ పాలు పట్టాలి. సీసా శుభ్రత, పాల వేడి, తాగిన పరిమాణం, లద్దె ఎలా ఉంది, ఇవన్నీ పూటపూటకూ గమనించాలి. దంతాలు వచ్చే వయసులో జ్వరం, విరేచనాలు వస్తాయి. వర్షంలో తడిస్తే న్యుమోనియా రావచ్చు. గున్న పాలు తాగేటప్పుడు తొండాన్ని దేనికైనా ఆనించుకోవాలని చూస్తుంది, ఎందుకంటే అడవిలో అయితే తల్లి పొట్టకు ఆనించుకుంటుంది. అందుకే కొన్నింటి కోసం రెండు చెట్ల మధ్య దుప్పటి వేలాడదీసి, దాని వెనుక నుంచి సీసా అందిస్తారు. దుప్పటికి తొండం ఆనించాక గానీ అవి గుటక వేయవు.

ఎండ సంగతి కూడా చెప్పాలి. అడవిలో గున్న తల్లి నీడలోనే నడుస్తుంది. అది లేనిచోట చెవుల వెనుక లేత చర్మం కమిలిపోతుంది. నర్సరీలో ఆ చెవులకు మనుషులు వాడే సన్‌స్క్రీన్ రాస్తారు. చలికి వీపుపై దుప్పట్లు కడతారు. ఇంత జాగ్రత్తగా నడిచే చోట, రోజుకు పదుల సంఖ్యలో కొత్త మనుషుల చేతులు సీసా పట్టుకుంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

సందేహి:

పాతమందు గారు చెప్పినదంతా బాగుంది. కానీ నాకొక అనుమానం ఉంది. సంరక్షకులు రాత్రిళ్లు గున్నలతో పాటు అదే కొట్టంలో పడుకుంటారని చదివాను. పేర్లు పెడతారు, దుప్పట్లు కప్పుతారు, సీసాతో పాలు పడతారు. మనిషికి ఇంతగా మచ్చికైన జంతువును మళ్లీ అడవిలో వదలడం అనేది చెప్పుకోవడానికి బాగుంటుందే తప్ప జరిగే పనేనా? మనిషి వాసన చూస్తే పారిపోవలసినది పరుగెత్తుకుంటూ ఎదురొస్తే, వేటగాడి పని సులువు చేసినట్టు కాదా?

పాతమందు:

సందేహి గారూ, ఇది న్యాయమైన ప్రశ్న. రెండు భాగాలుగా చెబుతాను. పక్కన పడుకోవడం గారాబం కాదు, వైద్యం. ఏనుగు మందలో గున్న ఒక్క తల్లి మీదే ఆధారపడదు. పినతల్లులు, అక్కలు, అమ్మమ్మ వరుస ఏనుగులు, అన్నింటి మధ్యా పెరుగుతుంది. ఒంటరిగా ఉన్న గున్న తిండి మానేసి, కారణం ఏదీ కనబడకుండానే కుంగిపోతుంది.

ఈ విషయంలో డాఫ్నీ షెల్డ్రిక్‌కే తొలినాళ్లలో ఒక చేదు అనుభవం ఎదురైంది. ఐషా అనే గున్నను ఆమె ఒక్కరే నెలల తరబడి సాకారు. కూతురి పెళ్లి కోసం ఆమె కొద్ది రోజులు వేరే ఊరు వెళితే, ఐషా పాలు ముట్టకుండా బెంగతో చనిపోయింది. అప్పటి నుంచి అక్కడ ఒక నియమం ఏర్పడింది. ఏ గున్నా ఒకే మనిషికి అలవాటు పడకూడదు. అందుకే ఏ కొట్టంలో ఎవరు పడుకోవాలో రాత్రి రాత్రికీ మారుస్తారు. నిన్న పక్కన పడుకున్న మనిషి నేడు ఉండడు, కానీ పక్కన ఒక మనిషి మాత్రం ఉంటాడు. ఆ మనుషులందరూ కలిసి దానికి ఒక మందలాంటివారు.

అడవిలోకి పంపడం గురించి వెళ్లి చూసినవారు ఎవరైనా చెబితే బాగుంటుంది.

నిదానం:

గున్నలను అడవికి అలవాటు చేసే ఇథుంబా కేంద్రం వైపు నేను వెళ్లలేదు గానీ, అలాంటిదే అయిన వోయి కేంద్రాన్ని దూరం నుంచి చూశాను కాబట్టి తెలిసినంత చెబుతాను. నైరోబీ నర్సరీ అనేది తొలి మెట్టు మాత్రమే. సుమారు మూడేళ్ల వయసు వచ్చేసరికి గున్నలను అక్కడి నుంచి తరలిస్తారు. త్సావో తూర్పు పార్కులో వోయి, ఇథుంబా అనే రెండు కేంద్రాలు ఉన్నాయి. గాయాల పాలై బలహీనంగా ఉన్నవాటి కోసం కిబ్‌వెజి అడవిలో ఉమాని స్ప్రింగ్స్ అనే మూడో కేంద్రం ఉంది. ఈ చోట్ల పగలు అడవిలో తిరిగి, రాత్రికి కంచె లోపలికి వస్తాయి. అడవి మందలు నీళ్లకు వచ్చే చోటికే వీటినీ తీసుకువెళతారు. మొదట దూరం నుంచి వాసనలు చూసుకోవడం, తర్వాత తొండాలు కలపడం, ఒక రాత్రి బయటే ఉండిపోవడం, మళ్లీ తిరిగి రావడం, ఇలా ఏళ్ల తరబడి సాగుతుంది. ఎప్పుడు వెళ్లిపోవాలో ఏనుగే నిర్ణయించుకుంటుంది. కొన్నింటికి అయిదేళ్లు చాలవు, మరికొన్ని పదేళ్ల వరకు రాకపోకలు సాగిస్తాయి.

ఇప్పటివరకు ఈ సంస్థ 300కు పైగా గున్నలను సాకింది. ఇలా వెళ్లిపోయిన ఆడ ఏనుగులలో చాలా వాటికి అడవిలోనే పిల్లలు పుట్టాయి. ఇథుంబాలో ములికా, యట్టా అనే రెండు ఏనుగులు తమకు పుట్టిన గున్నలను వెంటబెట్టుకుని, తమను పెంచిన మనుషుల దగ్గరకు వచ్చిన సంగతి అక్కడ అందరూ చెప్పుకుంటారు. పుట్టింటికి వచ్చినట్టే అనుకోండి.

వేటగాడి భయం గురించి సందేహి గారు అడిగినది కొట్టిపారేయదగినది కాదు. అందుకే వదిలిన చోట్లలో గస్తీ దళాలు తిరుగుతాయి, ఉచ్చులు ఏరివేస్తాయి. కానీ ఒక తేడా గమనించాలి. ఆ గున్న పొందిన నమ్మకం కొందరు మనుషుల మీద, వారి గొంతుల మీద, వారి కోటు వాసన మీద ఏర్పడినది. వారానికి వెయ్యి కొత్త చేతులు తాకే చోట పెరిగితే, అప్పుడు అది మనుషులందరి మీదా ఏర్పడుతుంది.

దక్షిణగాలి:

ఈ చర్చలో శ్రీలంక సంగతి కూడా రావాలి. నేను అక్కడి రెండు చోట్లనూ చూశాను. రెంటికీ అనాథ ఏనుగుల ఆశ్రయాలనే పేరు. కానీ నడక వేరు.

కేగల్ల దగ్గరి పిన్నవల ఆశ్రమాన్ని వన్యప్రాణి శాఖ 1975లో అయిదు గున్నలతో మొదలుపెట్టింది. 1978లో అది జంతుప్రదర్శనశాలల శాఖ చేతికి వెళ్లింది. 1982లో అక్కడే సంతానోత్పత్తి కార్యక్రమం ప్రారంభించగా, 1984లో తొలి గున్న పుట్టింది. ఈనాడు అక్కడ ఉన్న ఏనుగుల్లో చాలావరకు అక్కడే పుట్టినవి. 2021 ఆగస్టులో సురంగి అనే ఏనుగుకు అక్కడ కవలలు పుట్టడం పెద్ద వార్త అయింది. రోజుకు రెండుసార్లు మంద మొత్తం రోడ్డు దాటి మహా ఓయ నదికి స్నానానికి వెళుతుంది. ఆ దృశ్యం నిజంగా కన్నుల పండుగే, నేను కాదనను. కానీ అనాథగా వచ్చిన గున్న అక్కడే పెరిగి, అక్కడే పిల్లలను కని, అక్కడే ముసలిదవుతుంది. అడవికి తిరిగి పంపడం ఆ చోటు ఉద్దేశం కాదు.

ఉడవలవె పార్కు పక్కన ఉన్న ట్రాన్సిట్ హోం 1995లో మొదలైంది. స్థానికులు దాన్ని ఎత్ అతురు సెవన అంటారు. ఆ పేరులోనే అది దారి మధ్య మజిలీ అని ఉంది. గున్నలు పగలంతా కంచె అవతల పొదల్లో తిరుగుతాయి. మూడు గంటలకొకసారి గేటు తీస్తే కొన్ని కొన్నిగా లోపలికి వచ్చి, గరాటుకు అమర్చిన గొట్టం నోట్లో పెట్టుకుని పాలు తాగి, మారాం చేసినా బయటికి పంపేస్తే వెళ్లిపోతాయి. సందర్శకులు దూరంగా కట్టిన వేదిక మీది నుంచి చూడాలి. తాకడం, పట్టించడం, ఫోటో కోసం పక్కన నిలబడటం ఏదీ లేదు. సంరక్షకులు కూడా అవసరానికి మించి వాటితో మాట్లాడరు. నాలుగైదేళ్ల వయసు వచ్చాక కొన్నింటిని జట్టుగా కలిపి పార్కులోకి వదులుతారు. 1998లో తొలి జట్టు వెళ్లింది. ఇప్పటికి వదిలినవి వందకు మించాయి.

నిజాయితీగా చెబుతున్నాను, ఉడవలవెలో నాకు మొదట విసుగు కలిగింది. ఎండలో నిలబడి, ఇరవై నిమిషాల పాటు దూరం నుంచి గొట్టాలూ గరాటులూ చూసి వచ్చేశాం. ఆ విసుగు నాదే గానీ గున్నలది కాదని అర్థం కావడానికి కొంత కాలం పట్టింది.

పొద్దుతిరుగుడు:

దక్షిణగాలి గారి పోలికతో నేను పూర్తిగా ఏకీభవించను. అన్ని ఏనుగులూ అడవికి తిరిగి వెళ్లగలిగినవి కావు. మందుపాతర మీద కాలు వేసి ఒక పాదం పోగొట్టుకున్న సమా అనే ఏనుగుకు, తుపాకి దెబ్బలకు రెండు కళ్లూ పోయిన రాజా అనే మగ ఏనుగుకు పిన్నవలే ఆశ్రయం ఇచ్చింది. వాటిని ఉడవలవె గేటు తీసి పంపగలమా? నైరోబీ నర్సరీలోనూ మాక్స్‌వెల్ అనే పుట్టుగుడ్డి నల్ల ఖడ్గమృగం ఉంది. దాన్ని అడవిలో వదలలేదని ఎవరూ తప్పు పట్టరు కదా! జీవితాంతం సాకవలసినవాటికి డబ్బు కావాలి, డబ్బు సందర్శకుల నుంచే వస్తుంది. ఇది మరచి, ఒకచోటును పవిత్రమని, మరొకచోటును పాపమని తేల్చడం తొందరపాటు.

దక్షిణగాలి:

సమా, రాజా విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. అలాంటివాటికి శాశ్వత ఆశ్రయం ఉండవలసిందే. నా అభ్యంతరం వేరే చోట ఉంది. ఆరోగ్యంగా ఉన్న ఏనుగులు అక్కడే పిల్లలను కనేలా చేసి, ఆ పిల్లలను చూపడం ద్వారా వచ్చే డబ్బుతో నడిచే చోటును అనాథాశ్రమం అనవచ్చా అనేదే నా ప్రశ్న. ఆశ్రయం అవసరమైన ఏనుగు వేరు, బందీగా ఉండటానికే పుట్టించిన ఏనుగు వేరు. డబ్బు మాటకు వస్తే, ఉడవలవెకు కూడా విరాళాలు అందుతున్నాయి. అక్కడ దూరం నుంచి చూడటానికి జనం రాకుండా ఏమీ లేరు.

గడ్డిపరక:

నా అనుభవం కూడా చెబుతాను. ఆ చోటు పేరు గానీ, దేశం గానీ చెప్పను. కొన్నేళ్ల కిందట మా అబ్బాయిని ఒక ఏనుగుల శిబిరానికి తీసుకువెళ్లాం. గేటు మీద అనాథ ఏనుగుల రక్షణ కేంద్రం అని పెద్ద అక్షరాలతో ఉంది. లోపల ఒక గున్నను రెండు కాళ్లకూ గొలుసు వేసి నిలబెట్టారు. వరుసలో నిలబడి, రుసుము కట్టి, ఒక్కొక్కరూ సీసా పట్టించవచ్చు. మా వంతు వచ్చేసరికి అది సీసా వద్దని తల తిప్పుకుంది. మావటి అంకుశం మొనను చెవి వెనుక తాకించగానే నోరు తెరిచింది. ఫోటోలో అది నవ్వుతున్నట్టే ఉంది. ఆ సాయంత్రం మా అబ్బాయి అడిగిన ప్రశ్న ఒక్కటే. ఆకలి లేని పిల్లకు పాలు ఎందుకు పట్టించాం? వరుసలో మాకు ముందు ముప్పై మందికి పైగా ఉన్నారు. అంటే అప్పటికి అది ఎన్ని సీసాలు తాగిందో, ఆ సీసాల్లో ఏముందో దేవుడికే తెలియాలి.

వెన్నెలబాట గారూ, మీ అమ్మాయి చూసిన ఫోటో కూడా ఇలాంటి చోటు నుంచే వచ్చిందేమో ఒకసారి కనుక్కోండి.

పాతమందు:

గడ్డిపరక గారు చెప్పినదానిలో వైద్యపరంగా భయపెట్టే విషయం ఒకటి ఉంది. క్షయవ్యాధి మనిషి నుంచి ఏనుగుకు, ఏనుగు నుంచి మనిషికి సోకగలదు. పెంపుడు ఆసియా ఏనుగుల్లో ఇది కొత్త సంగతి కాదు. ఆసియా గున్నలను ఉన్నట్టుండి చంపే హెర్పిస్ జాతి వైరస్ ఒకటి వేరేగా ఉంది, అది ఏనుగుల మధ్యనే వ్యాపిస్తుంది. తల్లిపాలు అందని గున్నకు రోగనిరోధక శక్తి ముందే తక్కువ. అందుకే తాడు అవతల నిలబడమనడం మర్యాద కోసం పెట్టిన నియమం కాదు.

మరొక మాట. పుట్టినప్పుడే గున్న బరువు సుమారు వంద కిలోలు. ఆరు నెలల గున్న ముద్దుగా తలతో నెట్టినా తొమ్మిదేళ్ల పిల్ల పడిపోతుంది. అది ఆట, దానికి కోపం లేదు, కానీ ఎముకకు ఆ తేడా తెలియదు. గున్నలు ఒకదాన్నొకటి నెట్టుకునే తీరు చూస్తే మీకే తెలుస్తుంది.

నీటిచెలమ:

ఉత్తర కెన్యా సాంబురు ప్రాంతంలో రెటేటి ఆశ్రయం ఉంది. 2016లో నమున్యాక్ పరిరక్షణ ప్రాంతంలో అక్కడి ప్రజలే సొంతంగా మొదలుపెట్టారు. సాంబురు స్త్రీలు సంరక్షకులుగా పనిచేస్తారు. పాలపొడి దొరకడం కష్టమైనప్పుడు స్థానికుల మేకల పాలతో మిశ్రమం తయారుచేయడం నేర్చుకున్నారు. దానివల్ల గున్నకు పాలు, మేకల యజమానికి ఆదాయం. మీ ప్రయాణం ఎలాగూ ఆ దిక్కుగా ఉంటే చూడండి. నైరోబీ నుంచి ఒక్కరోజులో వెళ్లి వచ్చే దూరం మాత్రం కాదు.

వెన్నెలబాట:

ఇన్ని వివరాలు ఇచ్చినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఆ ఫోటో ఎక్కడిదో కనుక్కున్నాను. గడ్డిపరక గారి అనుమానం నిజమే. అమ్మాయికి గొలుసు సంగతి చెప్పాను. కొంతసేపు మాట్లాడలేదు, తర్వాత ఇంకో ప్రశ్న మొదలుపెట్టింది. ఇన్ని గున్నలకు తల్లులు ఎందుకు లేవు? వేటగాళ్లు అని చెప్పి ఊరుకోవాలా, ఇంకా ఏమైనా చెప్పాలా? తొమ్మిదేళ్ల పిల్లకు ఎంతవరకు చెప్పవచ్చో తెలియడం లేదు.

నిదానం:

ఉన్నది ఉన్నట్టు చెప్పవచ్చనే నా అభిప్రాయం. మైకులో సంరక్షకుడు ఎలాగూ దాచడు.

వేటగాళ్ల వరకు చెప్పి ఊరుకుంటే అది ఇప్పటి కథలో సగమే. కెన్యాలో 1970ల తొలినాళ్లలో లక్షన్నరకు మించి ఉన్న ఏనుగులు, దంతాల వేట వల్ల 1989 నాటికి 20 వేల లోపుకు పడిపోయాయి. ఆ ఏడాది జూలైలో కెన్యా ప్రభుత్వం 12 టన్నుల దంతాలను నైరోబీ పార్కులో తగలబెట్టింది. అదే ఏడాది అంతర్జాతీయ దంతాల వ్యాపారంపై నిషేధం నిర్ణయమైంది. 2016 ఏప్రిల్‌లో మళ్లీ 105 టన్నులు కాల్చారు. 2021 లెక్కల్లో దేశం మొత్తం మీద 36,280 ఏనుగులు తేలాయి. అంటే వేట తగ్గింది, ఏనుగులు కొంత కోలుకున్నాయి.

ఇప్పుడు నర్సరీకి వచ్చే గున్నల్లో చాలావాటిది వేరే కథ. కరవులో నీళ్ల కోసం తల్లితో మైళ్లకొద్దీ నడవలేక వెనుకబడినవి, పశువుల కోసం తవ్విన బావిలో పడి మంద వదిలి వెళ్లిపోయినవి, పొలాల మీదికి వచ్చిందని తల్లిని చంపగా మిగిలినవి. 2022 కరవులో ఫిబ్రవరి నుంచి అక్టోబరు వరకు కెన్యాలో 205 ఏనుగులు చనిపోయాయని ప్రభుత్వమే ప్రకటించింది. బావిలో పడిన గున్న విషయంలో ఎవరినీ దుర్మార్గులుగా చూపలేం. ఆ బావి తవ్వినవాడికీ దాహమే.

దక్షిణగాలి:

శ్రీలంకలోనూ అంతే. అక్కడ ఎక్కువ మగ ఏనుగులకు దంతాలే ఉండవు కాబట్టి దంతాల కోసం వేట తక్కువ. పొలాలకూ ఏనుగులకూ మధ్య పోరే అసలు కారణం. అడవిపందుల కోసం పండులో పేలుడు పదార్థం దాచి పెట్టే హక్క పటస్ అనే నాటు బాంబును కొరికి దవడ పగిలిన ఏనుగులు ఆకలితో రోజుల తరబడి తిరిగి చనిపోతాయి. చనిపోయేవాటిలో వయసులో చిన్నవే ఎక్కువ. ఇది మాత్రం మీ అమ్మాయికి ఇప్పుడే చెప్పకండి.

పొద్దుతిరుగుడు:

అమ్మాయికి ఏదైనా చేయాలనిపిస్తే, నైరోబీ నర్సరీలో ఒక గున్నను పేరు మీద దత్తత తీసుకునే ఏర్పాటు ఉంది. ఏడాదికి కొంత సొమ్ము కడితే, ఆ గున్న సమాచారం నెలనెలా మెయిల్లో వస్తుంది. సీసా పట్టించే మోజు తీరడానికి ఇది తక్కువేమీ కాదు. దత్తత అంటే ఇంటికి తెచ్చుకోవడం కాదని ముందే చెప్పండి. మా ఇంట్లో ఆ గందరగోళం జరిగింది.

సందేహి:

నా మొదటి అనుమానంలో సగం తీరింది. మిగతా సగం అలాగే ఉంది. అడవికి పంపిన ఏనుగులకు కూడా పొలాలు, బావులు, కరవులు అలాగే ఎదురవుతాయి కదా. ఏనుగులు తిరిగే దారులు మూసుకుపోతూ ఉంటే నర్సరీల సంఖ్య పెంచుకుంటూ పోవడం తప్ప ఏం మిగులుతుంది?

నిదానం:

సందేహి గారూ, దానికి జవాబు నర్సరీలో లేదు. ఆ సంస్థ కూడా కంచెలు వేయడం, నీటి గుంటలు తవ్వించడం, గస్తీ దళాలు, సంచార పశువైద్య బృందాలు నడపడం మీద చాలా ఖర్చు పెడుతుంది. గున్న ఫోటో చూసి వచ్చిన డబ్బు ఎవరూ ఫోటో తీయని ఆ పనులకు వెళుతుంది. ఇది చాలునా అంటే చాలదు.

వెన్నెలబాట:

నిన్ననే వెళ్లి వచ్చాం. నైరోబీ నుంచే రాస్తున్నాను.

నిదానం గారి మాట విని అరగంట ముందు చేరాం కాబట్టి ముందు వరుస దొరికింది. చిన్నవి వచ్చినప్పుడు నవ్వు ఆపుకోలేకపోయాం. ఒకటి తన సీసా ఖాళీ కాగానే పక్కదాని సీసా వైపు పరుగెత్తింది, సంరక్షకుడు తన ఒంటితోనే అడ్డు నిలబడ్డాడు. బురదగుంట పక్కన రెండు అడవి వరాహాలు, తమకూ అక్కడ టిక్కెట్టు ఉన్నట్టుగా, కాళ్లు చాపుకుని పడుకున్నాయి. ఒక గున్న తాడు వెంబడే నడుచుకుంటూ మా అమ్మాయి ముందు నుంచి వెళ్లింది. చేయి చాపితే అందే దూరం. అమ్మాయి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది. మేం ఎవరం చెప్పలేదు. గున్న ఆగలేదు, చూడలేదు, కొమ్మ ఒకటి లాక్కుంటూ వెళ్లిపోయింది. బట్టలకు ఎర్రదుమ్ము మాత్రం దండిగా అంటింది.

మైకులో చెప్పిన పేర్లన్నీ అమ్మాయి నోటుపుస్తకంలో రాసుకుంది. వాటిలో మూడింటి పక్కన బావి అని, ఒకదాని పక్కన కరవు అని రాసింది. చివర్లో ధైర్యం చేసి సంరక్షకుడిని, ఈ రాత్రి మీరు ఎవరి దగ్గర పడుకుంటారని అడిగింది. ఆయన ఒక గున్నను చూపించి, రేపు మాత్రం వేరే ఆయన వస్తాడని చెప్పాడు. పాతమందు గారు చెప్పిన నియమాన్ని ఆయన నోట విన్నట్టయింది.

పాతమందు గారికి ఒక చిన్న సందేహం. అన్నింటికంటే చిన్న గున్న, పాలు తాగడం అయ్యాక, తొండం కొసను నోట్లో పెట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది. ఆకలి తీరలేదని అర్థమా?

పాతమందు:

ఆకలి కాదు. చంటిపిల్ల బొటనవేలు చప్పరించినట్టే. అడవి గున్నలు కూడా చేస్తాయి. ఆ వయసులో తొండాన్ని ఎలా వాడాలో వాటికి ఇంకా తెలియదు. నీళ్లు కూడా తొండంతో పీల్చకుండా, మోకాళ్ల మీద వంగి నోటితోనే తాగుతాయి. కొన్ని నెలలు పోతే గానీ అదుపు రాదు. వీలైతే అది నిలబడిన చోటు చెప్పండి, నీడలోనా, ఎండలోనా?

వెన్నెలబాట:

నీడలోనే. సంరక్షకుడు పట్టుకున్న గొడుగు కింద.

దక్షిణగాలి గారూ, వచ్చే ఏడాది శ్రీలంక వెళ్లే ఆలోచన ఉంది. ఉడవలవెలో ఉదయం తొమ్మిది గంటల పాలవేళ చూడాలంటే ముందురోజు రాత్రే ఆ చుట్టుపక్కలకు చేరుకోవాలా?

దక్షిణగాలి:

అవును, ముందురోజు చేరడమే మేలు. తెల్లవారగానే పార్కులోకి వెళ్లి అడవి మందలను చూసి, తొమ్మిదికి వేదిక దగ్గరకు రండి. వదిలిన ఏనుగులూ ఆ పార్కులోనే తిరుగుతుంటాయి. మీరు చూసే మందలో అలాంటిది ఒకటి ఉన్నా, మీకు తెలియదు.